పగిలిన కుండల కోట

శంఖగిరి కోట తూర్పు ద్వారం చూసినవాళ్ళు దాన్ని జన్మలో మరిచిపోరు. ఏనుగు అంబారీతో సహా వంగకుండా లోపలికి వెళ్ళిపోయేంత ఎత్తు. చేవదేరిన టేకు తలుపులు, వాటి నిండా ఇత్తడి సింహముఖాలు, ఒక్కొక్క సింహం నోట మనిషి ముంజేయంత లావు కడియం. పొద్దుటి ఎండ పడగానే ఆ సింహాలన్నీ మేలుకున్నట్టు మెరిసేవి. పైన నగారా మండపం, దానికి అటూ ఇటూ ఎర్రరాతి మకరతోరణాలు, తోరణాల చుట్టూ గిరికీలు కొట్టే పావురాలు. ఇంత వైభవమూ చూసి తృప్తిగా కళ్ళు దించితే గడప దగ్గర మాత్రం మోకాలెత్తున పగిలిన కుండల పెంకులు.

ఆ పెంకుల సంగతి ముందు చెప్పాలి. శంఖగిరిలో ఒక ఆచారం ఉంది. కోట బయట ఎవరైనా శత్రువు చేతికి చిక్కితే, ఆ మనిషి ఇంటివాళ్ళు కొత్తకుండలో నీళ్ళు నింపి తెచ్చి గడప మీద పగలగొట్టాలి. కుండ పగిలితే ఆ మనిషి చచ్చినట్టే. బతికి ఉన్నా చచ్చినట్టే. తిరిగి వచ్చినా లోపలికి రానివ్వరు, పేరు పెట్టి పిలవరు. దీనికి అంటిపెట్టుకుని ఇంకో నియమం ఉంది, దాన్ని ఎవరూ పైకి చెప్పరు. కుండ పగలనంత కాలం చిక్కినవాణ్ణి విడిపించే భారం రాజుది. పగిలిందా, రాజు చేతులు దులుపుకోవచ్చు. ఏడ్చేది ఇంటివాళ్ళు, పగలగొట్టేది ఇంటివాళ్ళు, హాయిగా నిద్రపోయేది మాత్రం మహారాజుగారు. ఎంత ముచ్చటైన ఏర్పాటో చూడండి.

ఆ మధ్యాహ్నం సుధర్మసేన మహారాజు ఆ పెంకుల కుప్ప పక్కనే పట్టుగొడుగు కింద కొలువు తీరాడు. ఎదురుగా ఊరు ఊరంతా నిలబడి ఉంది. నడుమ ద్వారపాలకుడు మాచయ తల వంచకుండా నిలబడ్డాడు. అప్పుడే పరుగెత్తుకొచ్చిన వేగులవాడు రొప్పుతూ చెప్పిన మాట ఇంకా గాలిలోనే ఉంది. మాంత్రికుడు ధూమకంఠుడు రేపు పొద్దెక్కేసరికి కోట మీద పడబోతున్నాడు. అతని సేన ముందు కత్తి దూసి నడిచేది మాచయ అన్న కొమ్మయ.

"ప్రజలారా, మీరంతా నా ఇంటివాళ్ళు. మీ దగ్గర నాకు దాపరికం లేదు," అన్నాడు రాజు గొంతు తడిచేసుకుని. "పోయిన నెల మన వీరులు కోట వైపు పరుగెత్తి వస్తుంటే నేను ఆగమన్నాను. ఇదిగో, ఈ ద్వారపాలకుడే ప్రాణభయంతో తలుపులు మూశాడు. మీ బిడ్డలను మాంత్రికుడి పాలు చేసింది ఇతనే."

మాచయకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆరోజు మండపం మీద నుంచి 'మూసెయ్, మూసెయ్' అని అరిచిన గొంతు ఎవరిది? కందకం వంతెన మీద మనవాళ్ళు, వాళ్ళ వెనక బల్లెం దూరంలో ధూమకంఠుడి పొగ. ఆ పొగ లోపలికి వస్తే ఊరు మిగలదు. అందరికన్నా వెనక, పొగకు ఎదురు నిలిచి కొమ్మయ తిరిగి చూశాడు. "మూసెయ్‌రా మాచా. తర్వాత వచ్చి తియ్యి," అన్నాడు. మాచయ మూశాడు. బయట నుంచి తలుపు మీద పడ్డ అరచేతుల చప్పుడు ఇప్పటికీ అతని చెవిలోనే ఉంది.

"ప్రభూ, మూయమన్నది తమరు," అన్నాడు మాచయ.

"దానికి సాక్షి ఎవరు?"

మంత్రి ఉత్తరీయం సర్దుకున్నాడు. నగారా మోగించేవాడు కాలి బొటనవేలు చూసుకున్నాడు. ఆనాడు మండపం మీద ఉన్న మహానుభావులందరికీ ఒకేసారి మరుపు వచ్చింది. గుంపులోంచి ఎవరో ఒక పెంకు విసిరారు, అది మాచయ నుదుటికి తగిలి నెత్తురు చిమ్మింది. రెండో పెంకు వచ్చేలోపు ఒక ఆడమనిషి జనాన్ని తోసుకుంటూ వచ్చి అతని చెయ్యి పట్టుకుంది. కొమ్మయ భార్య కాచమ్మ. తలుపులు మూసిన రోజు నుంచి ఆమె మరిదితో పలకలేదు.

"ఇంటికి రా. పని ఉంది," అంది.

ఇంట్లో అడుగు పెట్టగానే మాచయ గోడకు జారగిలబడ్డాడు. "నన్ను తిట్టాలంటే తిట్టు వదినా. తలుపు మూసింది నేనే."

"తలుపు మూసినందుకా నేను మాట్లాడనిది?" కాచమ్మ కళ్ళు ఎర్రబడ్డాయి. "మీ అన్న ఉంటే తనే మూసేవాడు. ఆ సాయంత్రం ఆయన వస్తాడని నేను అన్నం పక్కన పెట్టుకుని కూర్చుంటే, నువ్వు వెళ్ళి ఆయన కుండ పగలగొట్టొచ్చావు. అది ఎవరి కోసం పగలగొట్టావు? తలుపు మూస్తే ఊరు బతికింది. కుండ పగిలితే ఎవరు బతికారో చెప్పు."

మాచయ, రాజుగారు ఆజ్ఞ వేశారనబోయి, ఆమె మొహం చూసి ఆ మాట మింగేశాడు.

కాచమ్మ మూలనున్న గంప ఎత్తింది. కింద వలలో చుట్టుకుపోయిన పెద్ద బొంతకాకి ఉంది. దాని కాలికి పసుపుతాడు పోగు ఒకటి కట్టి ఉంది.

"గడప దగ్గర పెంకు ఎత్తుకుపోతుంటే పట్టాను. నా తాళి దారం కట్టాను, ఇక అబద్ధం ఆడలేదు. చెప్పవే, అతనికి కూడా చెప్పు."

"మళ్ళీ చెప్పాలా తల్లీ," అంది కాకి విసుగ్గా. "మోసుకుపోయేది నేను, తిట్లు తినేదీ నేనే. ఏ కుండ పగిలినా అందులోంచి ఒక పెంకు తెమ్మంటాడు మా దొర ధూమకంఠుడు. ఆ పెంకు ఆ మనిషి మెడలో వేసినా, మనిషి అందకపోతే ఇంకొకడి మెడలో వేసినా, కుండ పగిలినవాడు ఆయన బంటు అయిపోతాడు. కన్ను ఆర్పడు, కన్నవాళ్ళను గుర్తుపట్టడు. ఎవరేం అడిగినా బదులు చెబుతాడు, అబద్ధం మాత్రం ఆడలేడు. అంతే సంగతి."

"కుండ పగలని మనిషిని ఏం చెయ్యలేడా?" అన్నాడు మాచయ.

"వేలు కూడా వెయ్యలేడు. బయటున్నవాడా, లోపలున్నవాడా అని కూడా చూడడు. ఇంటివాళ్ళు వదిలేశారా లేదా అన్నదే లెక్క. మీవాళ్ళు ఆ సాయంత్రమే వరసపెట్టి పగలగొట్టి పారేశారు, రెక్కలు పడిపోయాయి మాకు మోయలేక."

మాచయ పళ్ళు కొరికాడు. ఊరంతా కలిసి, రాజుగారి నిద్ర కోసం, సొంత బిడ్డలను ఒక్కొక్కరినే మాంత్రికుడి చేతిలో పెట్టిందన్నమాట. రేపు అదే బిడ్డలు కత్తులతో తిరిగొస్తున్నారు.

"విడిపించే దారి?"

"పగలగొట్టిన చెయ్యే ఎదురుగా నిలబడి ఒప్పుకోవాలి. పేరు పెట్టి పిలవాలి. ఇంతవరకు ఎవడూ రాలేదు, వచ్చిన ఒకరిద్దరు కూడా నేను కాదు రాజుగారన్నారు. వాళ్ళూ అక్కడే ఉన్నారిప్పుడు," అంది కాకి.

మాచయ లేచాడు. ఆజ్ఞ లేకుండా కోట దాటి శత్రువు గుహకు పోతే అతని కుండ పగలగొట్టమంటాడు రాజు. పగలగొట్టవలసింది ఇంట్లో మిగిలిన కాచమ్మే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. కాచమ్మ అప్పటికే దొడ్లో కొత్తకుండకు నీళ్ళు నింపుతోంది.

"ఇది నీది. నా చంకలోనే ఉంటుంది, ఎవడు లాక్కుంటాడో చూస్తాను," అంది. నింపి పక్కన పెట్టి, రెండో కుండ అందుకుంది.

"అది ఎవరికి వదినా?"

"అవసరం పడితే తెలుస్తుంది. నువ్వు వెళ్ళు. మీ అన్నను తీసుకురా, లేకపోతే నా గడప తొక్కకు."

కోట గోడ కింది తూములోంచి పాకి, కందకం ఈది, మాచయ అడవిలో పడ్డాడు. కాలికి ఆ పోగు ఉన్నంతకాలం మాట వినక తప్పదు కనుక బొంతకాకి ముందు ఎగురుతూ దారి చూపింది, దారి పొడవునా సణుగుతూనే ఉంది. ముళ్ళకంపలు ఒంటిని గీరాయి. ఊపిరిలోయలో నేల నెర్రెలిచ్చి వేడి ఆవిరి బుస్సుమని కక్కుతుంటే ఆవిరి తగ్గిన ప్రతిసారీ ఒక గంతు వేస్తూ దాటాడు. చివరి గంతులో కాలు జారి నెర్రెలోకి వేలాడుతుంటే, కాకి అతని జుట్టు పట్టి లాగింది. ప్రాణం కన్నా జుట్టే ఎక్కువ పోయిందనిపించింది. తెల్లవారేసరికి ధూమకంఠుడి గుహ ముందు ఉన్నాడు.

గుహద్వారానికి కాపలా ఒక రెండుతలల దుమ్ములగొండి. దున్నపోతంత ఉంది. ఒక తల నిద్రపోతే రెండో తల మేలుకుని కాస్తుంది. మాచయ కత్తి మీద చెయ్యి వేశాడు.

"అది లోపల పెట్టు," అంది కాకి. "వీళ్ళను నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను."

ఎగిరి వెళ్ళి మేలుకున్న తల చెవి దగ్గర వాలింది. "నిన్న మేకలో కాలేయం నీకు రాలేదేం?" అని అడిగింది. మేలుకున్న తల ఆలోచనలో పడింది. తర్వాత పక్క తలను ఒక్క కాటు వేసింది. నిద్రలేచిన రెండో తల ఏమిటో అడక్కుండానే తిరగబడింది. ఒకే ఒంటి మీద రెండు తలలూ ఒకదాన్నొకటి పీక్కుంటూ దొర్లుతుంటే మాచయ వాటి తోక దాటుకుని లోపలికి జారుకున్నాడు.

లోపల ఆ గుహ ఒక రాజసభ. నీలాల రాళ్ళు పొదిగిన కప్పు, దాని నుంచి దిగిన స్ఫటికపు జలధారలు, నడుమ మంటలు లేని పచ్చటి వెలుగు. గోడల నిండా గూళ్ళు, గూళ్ళ నిండా పెంకులు, ఒక్కొక్క పెంకు మీద నుంచి సన్నటి పొగ. ఎత్తైన రాతి పీఠం మీద ధూమకంఠుడు కూర్చున్నాడు. పుల్లలా సన్నగా ఉన్నాడు, మాట్లాడినప్పుడల్లా గొంతులోంచి పొగ వస్తోంది. పీఠం కింద శంఖగిరి వీరులు బారులు తీరి నిలబడి ఉన్నారు. కన్ను ఆర్పడం లేదు. మాచయ మొహాన బూడిద పూసుకుని, మామూలు కుండపెంకు ఒకటి మెడలో వేసుకుని, బారు చివర నిలబడ్డాడు. పక్కవాణ్ణి గుర్తుపట్టాడు. చిన్నప్పుడు కలిసి ఈత నేర్చుకున్న గుండయ. మాచయ కళ్ళలోకి చూస్తూ కూడా వాడు చూడలేదు.

దాడికి ముందు ధూమకంఠుడు బారు వెంబడి నడుస్తూ ఒక్కొక్కరినీ అడిగాడు. "నీ కుండ ఎవరు పగలగొట్టారు?"

"మావాళ్ళు," అన్నాడు ఒకడు.

"నీది?"

"మావాళ్ళు."

అదే ప్రశ్న, అదే బదులు. మాంత్రికుడు మాచయ ముందుకు వచ్చి, మెడలోని పెంకును వేలితో తాకాడు. అది చల్లగా ఉంది.

"ఇది వంటకుండ పెంకు," అన్నాడు ధూమకంఠుడు నవ్వి. బూడిద తుడిచి మొహం చూశాడు. "ద్వారపాలకుడివి. నిన్ను చంపను. నీ కుండ ఈపాటికి పగలగొడుతుంటారు, మీ ఊరి సంగతి నాకు తెలుసు. పగిలాక నువ్వే వచ్చి ఈ బారులో నిలబడతావు."

"సిగ్గు లేదా నీకు, బతికున్నవాళ్ళను ఇలా చెయ్యడానికి?"

"నేను ఎవరినీ చంపలేదు అబ్బీ. బతికున్నవాడు చచ్చాడని ప్రకటించింది మీ ఊరు. పారేసినవి ఏరుకున్నాను, అంతే. నన్ను తిట్టి ఏం లాభం?"

ఆ మాట నిజం. అదే మాచయను ఎక్కువ మండించింది. అబద్ధమైతే కత్తితో బదులు చెప్పేవాడు.

ధూమకంఠుడు ఒక వేలు ఆడించాడు. బారు మొదటి నుంచి కొమ్మయ కత్తి పట్టుకుని నడిచి వచ్చాడు. చెంపలు పీక్కుపోయాయి, మెడలో పెంకు ఎర్రగా కాగుతోంది.

"కుండ పగిలేదాకా ఎదురుచూడటం విసుగు. కొమ్మయా, వీడి కాళ్ళు నరుకు, పారిపోకుండా ఉంటాడు," అన్నాడు మాంత్రికుడు.

"అన్నా," అన్నాడు మాచయ వెనక్కి జరుగుతూ. "నేను, మాచయను. నీ కుండ పగిలిన మాట నిజం. రాజాజ్ఞ అయింది, ఊరంతా పగలగొట్టారు."

కత్తి దిగింది. మాచయ పక్కకు దొర్లాడు, రాతి మీద నిప్పురవ్వలు లేచాయి. పెంకు మెడలో ఇంకా ఎర్రగానే ఉంది.

"మహారాజు అందరి చేతా బలవంతంగా..."

రెండో వేటు అతని భుజాన్ని గీసుకుంటూ పోయింది. ధూమకంఠుడు పీఠం మీద పడి పడి నవ్వాడు. బొంతకాకి నెత్తి మీద తిరుగుతూ, "చెప్పానా లేదా, చెప్పానా లేదా," అని అరిచింది. మాచయ గోడకు ఆనుకున్నాడు. ఇక జరగడానికి చోటు లేదు. రాజు మీది కోపమంతా గొంతులో ఉంది, ఆ కోపం నూటికి నూరుపాళ్ళు న్యాయమైనదే. కానీ ఆ సాయంత్రం కుండ ఎత్తిన చేతులు రాజువి కావు.

"కొమ్మయన్నా," అన్నాడు. "నేనే పగలగొట్టాను. వదిన నీకోసం ఎదురుచూస్తుంటే వెళ్ళాను. పగలగొడితే నీ చేతుల చప్పుడు వినపడకుండా పోతుందనుకున్నాను. అందుకే."

కొమ్మయ మెడలో పెంకు పటుక్కున రెండుగా చీలి నేలరాలింది. కత్తి గాలిలోనే ఆగింది. కొమ్మయ కన్ను ఆర్పాడు. తమ్ముణ్ణి తేరిపార చూశాడు. కత్తి దించి, ఎడమచేత్తో చాచి లెంపకాయ కొట్టాడు, మాచయ చెవి గింగిరాలెత్తింది.

"తలుపు మూసెయ్యమన్నాను," అన్నాడు కొమ్మయ, గొంతు పగిలిపోతూ. "కుండ పగలగొట్టమన్నానా?"

మాచయ చెంప పట్టుకుని నిలబడ్డాడు. ఇన్నాళ్ళలో అంత హాయిగా ఏ దెబ్బా తగల్లేదు.

ధూమకంఠుడి నవ్వు ఆగిపోయింది. నోరు తెరిచి పొగ కక్కాడు, గుహంతా చీకటి కమ్మింది. అన్నదమ్ములు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, కాకి అరుపు వెంట పడి, ఇంకా కొట్లాడుకుంటున్న దుమ్ములగొండి మీదుగా దూకి బయటపడ్డారు. అక్కడ కట్టేసిన మాంత్రికుడి నల్లగుర్రం పగ్గం కోసి ఇద్దరూ ఎక్కారు. గుర్రం ఊపిరిలోయను ఒక్క దూకుతో దాటింది. వెనక కొమ్ముబూరలు మోగాయి. ధూమకంఠుడు తన సేననంతా కదిలించి తరుముకొస్తున్నాడు. అడవి చెట్లు ఈదురుగాలిలా పక్కలకు పోయాయి. పొద్దెక్కేసరికి శంఖగిరి బురుజులు కనిపించాయి.

వంతెన మీద గుర్రం కూలబడింది. అన్నదమ్ములు పరుగెత్తి తూర్పు ద్వారాన్ని చేరారు. తలుపులు మూసి ఉన్నాయి.

మాచయ రెండు అరచేతులతో ఆ టేకు చెక్కలను బాదాడు. బాదిన తర్వాతే అతనికి తెలిసింది, ఆ చప్పుడు తనకు బాగా తెలిసిన చప్పుడని. ఇటువైపు నుంచి మాత్రం ఎప్పుడూ వినలేదు.

ఆ తలుపుల మీద ఎడమవైపు అడుగు వరసలో ఒక సింహం నోటికి కంత ఉంటుంది. బయట ఎవరొచ్చారో చూడటానికి ద్వారపాలకులు పెట్టుకున్న కంత అది, బయటివాళ్ళకు దాని సంగతి తెలియదు. మాచయ మోకాళ్ళ మీద కూర్చుని అందులోంచి లోపలికి చూశాడు. గడప మీద కాచమ్మ నిలబడి ఉంది, రెండు చంకల్లో రెండు కుండలు. చుట్టూ భటులు బల్లేలు పట్టుకుని ఉన్నారు. వెనక మహారాజు, మంత్రి, ఊరు.

"చివరిసారి చెబుతున్నాను, నీ మరిది కుండ పగలగొట్టు," అంటున్నాడు రాజు. "వాడు ద్రోహి. నేను మీ అందరి మేలు కోరేవాణ్ణి. మీరంతా నా ఇంటివాళ్ళు కనుకే చెబుతున్నాను."

"ఇంటివాళ్ళమేనా?" అంది కాచమ్మ.

"ముమ్మాటికీ."

"అందరూ విన్నారు కదా," అంది కాచమ్మ జనం వైపు తిరిగి. "అయితే ఇది చెల్లుతుంది. సుధర్మసేన మహారాజు మాకు చచ్చిపోయాడు. ఆయన ఇంటిమనిషిగా నేనే చెబుతున్నాను."

కుడిచంకలోని కుండ గడప మీద భళ్ళున పగిలింది.

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. మండపం మీద నుంచి కాకులు దిగాయి, ఒకటి తడిపెంకు ముక్కున కరుచుకుని అన్నదమ్ముల నెత్తి మీదుగా వంతెన అవతలికి ఎగిరింది. అప్పటికే అక్కడికి చేరిన ధూమకంఠుడు దాన్ని అందుకుని చూశాడు. ఆ పెంకు ఎవరిదో తెలిసేసరికి అంతటి మాంత్రికుడూ దాన్ని రెండుసార్లు తిప్పి చూశాడు. వెంటనే దారానికి గుచ్చి ఒక బంటు మెడలో వేశాడు. కోటలో మహారాజు కళ్ళలోకి పొగ దిగింది. పట్టుగొడుగు పట్టుకున్నవాడు గొడుగు వదిలేసి వెనక్కి గెంతాడు.

"మహారాజా," అంది కాచమ్మ ఊరందరికీ వినపడేలా. "ఆరోజు తలుపులు మూయమన్నది ఎవరు?"

"నేనే," అన్నాడు రాజు కన్ను ఆర్పకుండా.

"ఆ సాయంత్రమే కుండలు పగలగొట్టించింది ఎందుకు?"

"సైన్యం పంపవలసి వస్తుందని."

గుంపు లోంచి లేచిన మూలుగు మాచయ కంతలోంచి విన్నాడు. నిన్న పెంకు విసిరినవాడెవడో మొహం కప్పుకుని ఉంటాడు, ఉండాలి. కొమ్మయ తలుపుకు తల ఆనించి భార్య గొంతు వింటూ నిలబడ్డాడు.

"చాలు," అన్నాడు ధూమకంఠుడు వంతెన అవతల నుంచి, మెల్లగా. ఆ మాటే మహారాజు నోట వేరే మాటగా వచ్చింది.

"తలుపులు తెరవండి," అన్నాడు మహారాజు.

రాజాజ్ఞ వినీ వినీ అలవాటైన చేతులు కదా, భటులు అడ్డగడియ మీద చేతులు వేశారు. గడియ కిర్రుమంది. బయట శత్రువుల అడుగుల కింద వంతెన అదురుతోంది. గుండయ, ఇంకా ఎంతోమంది, కన్ను ఆర్పకుండా కత్తులు ఎత్తుకుని వస్తున్నారు.

"వదినా, అన్నా నేనూ బయటే ఉన్నాం," అని మాచయ కంతలోంచి అరిచాడు. కాచమ్మ ఒక్క గంతులో గడియకు అడ్డం పడింది. "చేసింది నేను. దీనికి బాధ్యత నాదే. మాచా, మీ ఇద్దరికీ మనిషి దూరేంత దారి తీయించనా? మీ అన్న లోపలికి రావాలి."

మాచయ వెనక్కి చూశాడు. బల్లెం దూరం. తలుపు ఒక్క జానెడు తెరిచినా పొగ లోపలికి వెళుతుంది. పక్కనున్న అన్న మొహం చూశాడు. కొమ్మయ నెమ్మదిగా తల అడ్డంగా ఊపాడు.

"తియ్యకు వదినా," అన్నాడు మాచయ సింహం నోట్లోకి. "అందరినీ గోడ మీదికి ఎక్కించు. ఎవరి కుండ ఎవరు పగలగొట్టారో వాళ్ళ మొహం చూసి చెప్పమను, రాజు పేరు ఎత్తవద్దను. మేము ఇక్కడ నిలబడి ఆపుతాం. తర్వాత వచ్చి తియ్యి."

లోపల భటులు ఒక్కొక్కరే గడియ మీద నుంచి చేతులు తీశారు. తర్వాత గోడ మీదికి ఎవరో ఆయాసపడుతూ మెట్లెక్కిన అలికిడి. ముసలి బయ్యమ్మ, గుండయ తల్లి, బురుజు అంచు పట్టుకుని కిందికి వంగింది.

"గుండయా," అంది. "నేనే పగలగొట్టాను నాయనా. రోజూ ఎదురుచూడలేక."

బారులో ముందు నడుస్తున్న గుండయ మెడలో పెంకు పటుక్కున చీలింది, అడుగు తడబడింది. అతని పక్కవాళ్ళు ఆగలేదు. కొమ్మయ కత్తి పైకెత్తాడు, మాచయ తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు. చెక్క అవతల నుంచి, సరిగ్గా అతని వీపు దగ్గర, కాచమ్మ గొంతు వినిపించింది.

"మాచా, నీ కుండ నా చంకలోనే ఉంది. నువ్వు మీ అన్నను చూసుకో."